రాసిందెవరో తెలియని మాట: వాట్సాప్ ఫార్వర్డ్ వెనుక 150 ఏళ్ల తగాదా

ఏ తెలుగు దినపత్రికైనా తీసుకుని చివరి పేజీ అడుగున చూడండి. చిన్న చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనిపిస్తుంది. పత్రికను ఎవరు అచ్చువేశారు, ఏ ప్రెస్సులో వేశారు, ఎవరి తరఫున ప్రచురించారు, ఎడిటర్ ఎవరు అన్నవి అందులో ఉంటాయి. మామూలు పాఠకులు దాని జోలికి పోరు. పరువునష్టం కేసు వేయదలచిన లాయరు మాత్రం ముందు చూసేది దాన్నే. ఆ వివరాలు వేసి తీరాలన్నది 1867 నాటి ప్రెస్ అండ్ రిజిస్ట్రేషన్ ఆఫ్ బుక్స్ చట్టం పెట్టిన షరతు. 2024 మార్చిలో దాని స్థానంలో కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా, అంటే 150 ఏళ్లకు పైగా, మన పత్రికలు ఆ షరతు కిందే నడిచాయి.

వాట్సాప్‌లో వచ్చే ఫార్వర్డుకు అలాంటి వాక్యం ఉండదు. మొదట పంపిందెవరో చెప్పి తీరాలని కేంద్ర ప్రభుత్వం 2021లో నిబంధన తెచ్చింది. అది మావల్ల కాదంటూ వాట్సాప్ కోర్టుకెక్కింది. పైకి ఇది టెక్నాలజీ గొడవలా ఉంటుంది. కానీ రాజకీయం మాట్లాడేవాళ్లలో పేరూ ఊరూ ఎవరిని అడగాలి, ఎవరిని అడగకూడదు అన్న తగాదా వాట్సాప్ కంటే చాలా పాతది.

1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ అనే పత్రిక వచ్చేది. దాని ఎడిటర్ గాడిచర్ల హరిసర్వోత్తమరావు. తిరునెల్వేలిలో జరిగిన కాల్పుల గురించి పత్రికలో వచ్చిన రాతకు ఆయన మీద రాజద్రోహం కేసు పెట్టారు. మూడేళ్ల జైలు పడింది. రాజకీయ ఖైదీగా జైలుకెళ్లిన తొలి తెలుగువాడిగా ఆయన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయన పేరు పత్రిక మీదే ఉంటుంది కాబట్టి పట్టుకోవడానికి పోలీసులు వెతకాల్సిన పనే లేదు. అందుకే ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 నుంచి 1977 దాకా, ప్రభుత్వాన్ని ఎదిరించినవాళ్లు పేరు లేని సైక్లోస్టైల్ కాగితాలు (ప్రెస్సు లేకుండానే నకళ్లు తీసే చిన్న మిషన్ మీద వేసినవి) చేతులు మార్చుకున్నారు. పేరు చెప్పమనే చట్టం బాధ్యతనూ గుర్తు చేస్తుంది, జైలుకు దారీ చూపిస్తుంది. ఈ రెండో సంగతి మరిచిపోయి ‘దాచుకునేవాడికే భయం’ అనేవాళ్లు మన చరిత్రను చూడనట్టే లెక్క.

స్వతంత్ర భారతం ఇదే షరతును ఎన్నికల్లోకీ తెచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 1961లో చేర్చిన 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద, పోస్టరు మీద ప్రింటరు పేరు, ప్రచురించినవాళ్ల పేరు, చిరునామా ఉండాలి. తప్పితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గోడ మీద పోస్టరు అంచున, పైనుంచి కిందికి నిలువుగా ప్రెస్సు పేరు కనిపించేది అందుకే. రాత్రికి రాత్రి అనామక కరపత్రాలు ఊళ్లలో పడలేదని కాదు. పడ్డాయి. కాకపోతే వాటిని వేయడానికి ప్రెస్సు కావాలి, పంచడానికి మనుషులు కావాలి. అందుకే అవి ఒక వాడ దాటి పోవడం కష్టమయ్యేది.

ఫోనొచ్చాక ఈ కష్టం కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడి విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న మాట ఒక్క పూటలో దేశమంతా పాకింది. అప్పటికి ఉన్నవి ల్యాండ్‌లైన్లూ ఎస్టీడీ బూతులే. దానివల్ల ఎవరి ప్రాణమూ పోలేదు కాబట్టి నవ్వుకుని మరిచిపోయాం.

2010 జనవరి 7 రాత్రి మాత్రం తెలుగువాళ్లు నవ్వుకునేది కాదు. ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ ప్రమాదం వెనుక రిలయన్స్ ఉందంటూ ఎక్కడో విదేశీ వెబ్‌సైట్‌లో వచ్చిన, రుజువు లేని ఒక ఆరోపణను పట్టుకుని ఒక తెలుగు వార్తా చానల్ అదే పనిగా ప్రసారం చేసింది. గంటల్లోనే రాష్ట్రమంతా రిలయన్స్ దుకాణాల మీద దాడులు మొదలయ్యాయి. ఇంటర్నెట్‌లో పుట్టిన మాట తెలుగు వీధుల్లో అద్దాలు పగలగొట్టడం అంత పెద్ద ఎత్తున అదే మొదలు కావచ్చు. ఆ మాటను జనంలోకి తెచ్చిన చానల్‌కి ఆఫీసు ఉంది, లైసెన్సు ఉంది. పోలీసులు వెళ్లి బాధ్యుల్ని అరెస్టు చేయగలిగారు.

రెండేళ్ల తర్వాత ఆ అవకాశం కూడా పోయింది. 2012 ఆగస్టులో ఈశాన్య రాష్ట్రాలవాళ్ల మీద దాడులు జరగబోతున్నాయంటూ ఎస్సెమ్మెస్‌లు తిరిగాయి. బెంగళూరు స్టేషన్‌లో గువాహటి రైళ్లకు వేల మంది ఎగబడ్డారు. పుకారు మొదలుపెట్టినవాళ్లు ఎవరో తేల్చే టైము లేదు. కేంద్రం బల్క్ మెసేజీలను కొన్నాళ్లు ఆపి, ఒక విడతలో ఐదు ఎస్సెమ్మెస్‌లకు మించి పంపకూడదంది. ఆరేళ్ల తర్వాత వాట్సాప్ పెట్టుకున్న హద్దు కూడా ఐదే కావడం యాదృచ్ఛికమే కావచ్చు. మందు మాత్రం మారలేదు.

అదే 2012 నవంబరులో ఇంకో సంఘటన. శివసేన నాయకుడు బాల్ థాకరే చనిపోయాక ముంబై బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో అడిగినందుకు ఒక అమ్మాయినీ, ఆ పోస్టుకు లైక్ కొట్టినందుకు మరో అమ్మాయినీ మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. వాడినవాటిలో ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్ ఒకటి. ‘చిరాకు’ కలిగించే మెసేజ్ పంపినా మూడేళ్ల దాకా జైలు అనేంత వదులు మాటలతో రాసిన సెక్షన్ అది. పేరు పెట్టి మాట్లాడిన ఇద్దరమ్మాయిలు స్టేషన్‌లో కూర్చున్నారు. పేరు లేకుండా జనాన్ని రైలెక్కించినవాళ్లలో చాలామంది హాయిగా ఇళ్లలోనే ఉన్నారు. ఈ రెండు సంఘటనలకూ మధ్య మూడు నెలలే తేడా. మన దేశంలో సోషల్ మీడియా చట్టాలు ఎవరికి తగులుతాయో అర్థం కావడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ కనిపించదు.

2015 మార్చి 24న సుప్రీంకోర్టు శ్రేయా సింఘాల్ కేసులో 66ఎను కొట్టేసింది. బెంచిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ రోహింటన్ నారిమన్ ఉన్నారు. తీర్పు రాసింది నారిమన్. చర్చించడం, ఒక అభిప్రాయాన్ని సమర్థించడం, రెచ్చగొట్టడం అని మాటను మూడు రకాలుగా విడదీసి, మూడో దాని దగ్గర తప్ప ప్రభుత్వం చెయ్యి వేయకూడదన్నారు. కొట్టేసిన సెక్షన్ కిందే పోలీసులు ఏళ్ల తరబడి కేసులు పెడుతూ వచ్చారు. 2022 అక్టోబరులో కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మన దగ్గరైతే వేరే సెక్షన్లు దొరికాయి. 2017 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు అధికార పక్షం మీద వ్యంగ్య పోస్టులు పెట్టే ఒక ఫేస్‌బుక్ పేజీ నిర్వాహకుణ్ని అరెస్టు చేశారు. తర్వాత ప్రభుత్వాలు మారాయి, కేసుల్లో ఇరుక్కునే పక్షమూ మారింది. అరెస్టులు మాత్రం ఆగలేదు.

ఈలోగా అసలు మార్పు ఫేస్‌బుక్ గోడల మీద కాదు, జేబుల్లో జరిగింది. 2016 ఏప్రిల్‌లో వాట్సాప్ ప్రతి మెసేజ్‌కీ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ పెట్టింది. అంటే పంపినవాళ్లూ అందుకున్నవాళ్లూ తప్ప మధ్యలో కంపెనీకి కూడా చదవడం వీలు కాదు. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది. వీడియో అంటే టీవీలో చూసేదే అనుకున్న పల్లెలు వీడియోలు పంపుకోవడం మొదలుపెట్టాయి. పత్రికలో రాసినవాడి పేరు తెలుసు, కానీ అతను మనకు పరాయివాడు. ఫార్వర్డ్‌లో రాసినవాడెవడో తెలియదు, అందించేది మాత్రం మన బావగారో, పిన్నిగారో, అపార్ట్‌మెంట్ సెక్రటరీగారో. వార్తను నమ్మాలా వద్దా అన్న ప్రశ్న, పంపినవాళ్లని నమ్మాలా వద్దా అన్న ప్రశ్నగా మారిపోయింది. పిన్నిగారిని ‘ఇది ఎక్కడిది, రుజువేంటి’ అని ఫ్యామిలీ గ్రూపులో అందరి ముందూ అడగడం ఎంత ఇబ్బందో అందరికీ తెలుసు. రాజకీయ పార్టీల సోషల్ మీడియా విభాగాలకు ఇంకా బాగా తెలుసు.

2018లో ఇదంతా ప్రాణాల మీదికి వచ్చింది. పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారంటూ వచ్చిన ఫార్వర్డుల్లో ఒక వీడియో ఉంది. వీధిలో పిల్లలు ఆడుకుంటుంటారు. బైక్ మీద ఇద్దరు వచ్చి ఒక బాబును లాక్కుని పోతారు. చూస్తే గుండె ఆగినట్టవుతుంది. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి జనానికి చెప్పడానికి తీసిన ప్రచార వీడియో. పూర్తి వీడియోలో బైక్ వెనక్కి తిరిగొస్తుంది, బాబును దింపుతారు, పిల్లల్ని ఎత్తుకుపోవడం ఎంత తేలికో చెబుతూ అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. పిల్లల్ని కాపాడటానికి తీసిన వీడియో మనుషుల్ని చంపించే వీడియో అయింది.

తెలుగు పల్లెల్లో దానికి ‘పార్థీ గ్యాంగ్’ అనే దొంగల ముఠా పేరు తోడైంది. మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలె జిల్లా రైన్‌పాడలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్లు ఐదుగురిని చంపారు. జులై 13న హైదరాబాద్ నుంచి కారులో బీదర్ జిల్లాకు వెళ్లినవాళ్లు పిల్లలకు చాక్లెట్లిచ్చారు. అనుమానం పుట్టి గొడవైంది. వాళ్ల కారు చేరేలోపే వాళ్ల వీడియో వాట్సాప్‌లో ముందూరికి చేరింది. ముర్కి గ్రామంలో దారి కాసి కొట్టారు, ఒకాయన చనిపోయాడు. కారు కంటే ఫార్వర్డ్ ముందు వెళ్లింది.

ఇదే సమయంలో జోగులాంబ గద్వాల ప్రాంతంలో ఏం జరిగిందన్నది ఇంకా ఎక్కువ మందికి తెలియాలి. ఎండాకాలం రాత్రుళ్లు ఆరుబయట మంచాలు వేసుకునే జనం తలుపులు బిగించుకుని లోపల పడుకుంటున్నారని గ్రామాల బాధ్యత చూసే పోలీసులు గమనించారు. ఆరా తీస్తే ఫార్వర్డులు బయటపడ్డాయి. అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపించారు. డప్పు కొట్టి చాటింపు వేయించారు, కళాకారులతో పాటలు పాడించారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోలీసులు చేరారు. భయం మాటున ఉన్న ఊళ్లలోకి తెలిసిన మనిషి వచ్చి, ఎదురుగా నిలబడి, అడిగినదానికి జవాబు చెప్పారు. ఆమె పరిధిలో ఆ పుకార్లకు ప్రాణాలు పోలేదు. దీనికి ఏ యాప్‌లోనూ మార్పు చేయాల్సిన అవసరం రాలేదు, ఎవరి ఎన్‌క్రిప్షనూ విప్పాల్సిన పని పడలేదు.

దేశం మొత్తం మీద మాత్రం కథ వేరే దారిన నడిచింది. వాట్సాప్ 2018 జులైలో ‘ఫార్వర్డెడ్’ అన్న గుర్తు పెట్టింది, భారత్‌లో ఒకసారికి ఐదు చాట్లకే పంపేలా హద్దు పెట్టింది. 2019 జనవరిలో దాన్ని ప్రపంచమంతా అమలు చేసింది. 2020 ఏప్రిల్‌లో, కరోనా వదంతుల మధ్య, ఎక్కువసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒకే చాట్‌కి పరిమితం చేసి, అలాంటివి 70 శాతం తగ్గాయని చెప్పుకుంది. సుప్రీంకోర్టు 2018 జులై 17న మూక హత్యల మీద మార్గదర్శకాలిచ్చింది. ఇక 2021 ఫిబ్రవరి 25న వచ్చిన ఐటీ రూల్స్‌లో, దేశంలో 50 లక్షలకు పైగా యూజర్లున్న మెసేజింగ్ సంస్థలు కోర్టు గానీ అధికారం ఉన్న అధికారి గానీ ఆదేశిస్తే ‘తొలి పంపకందారు’ ఎవరో చెప్పాలన్నారు. ఎన్‌క్రిప్షన్ వదులుకోవాల్సి వస్తే దేశం వదిలి వెళ్లిపోతామని 2024 ఏప్రిల్‌లో వాట్సాప్ లాయరు ఢిల్లీ హైకోర్టుకు చెప్పాడు.

ఆ రూల్‌ను కరాచీ వీడియోకు పెట్టి చూడండి. మొదట పంపినవాళ్లు విదేశంలో ఉంటే, భారత్‌లో మొదట పంపినవాళ్లనే తొలి పంపకందారుగా భావించాలని అందులో రాశారు. వీడియోను కత్తిరించినవాడు సరిహద్దు అవతలుంటే, దొరికేది ఇవతల దాన్ని నమ్మి, భయపడి, చెల్లెలికి పంపిన ఒక తల్లి కావచ్చు. ఫోన్‌లో సేవ్ చేసుకుని మళ్లీ పంపితే గొలుసు తెగుతుంది, స్క్రీన్ రికార్డ్ చేస్తే మళ్లీ తెగుతుంది. తెలివైన నేరస్తుడు తప్పించుకుంటాడు. తన ఎమ్మెల్యే అవినీతి గురించి రాసిన పంచాయతీ ఉద్యోగి తప్పించుకోలేడు. అందుకే ఈ రూల్‌ను నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. రేపు ఇంకో హరిసర్వోత్తమరావును వెతకడానికి ఇది బాగా పనికొస్తుంది.

పేరు అడగాల్సిన చోటు వేరే ఉంది. డబ్బు పెట్టి మెసేజీలు తయారు చేయించే పార్టీలను అడగాలి. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు బహిరంగ ప్రచారం ఆగిపోవాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 126వ సెక్షన్ అంటుంది. మైకులు ఆగుతాయి, గ్రూపులు ఆగవు. ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే అభ్యర్థులు తమ సోషల్ మీడియా ఖాతాలు ప్రకటించాలని, అక్కడి ప్రకటనలకూ ముందస్తు అనుమతి కావాలని చెప్పింది. 2019 ఎన్నికల ముందు ఫేస్‌బుక్ రాజకీయ ప్రకటనల మీద డబ్బు కట్టినవాళ్ల పేరు చూపడం మొదలుపెట్టింది. అదే ఏడాది మార్చిలో సోషల్ మీడియా సంస్థలు 126వ సెక్షన్ ఉల్లంఘనల మీద ఫిర్యాదులొస్తే మూడు గంటల్లో స్పందిస్తామని ఎన్నికల సంఘానికి మాటిచ్చాయి. ఇవన్నీ బయటికి కనిపించే ప్రకటనలకే పనికొస్తాయి. పార్టీ ఆఫీసులో తయారై, కులసంఘం గ్రూపులోకి, అక్కడి నుంచి మన పిన్నిగారి ఫోన్‌లోకి వచ్చే మెసేజ్ వీటిలో దేనికీ అందదు.

127ఎ సెక్షన్‌లో ‘ముద్రణ’కు ఒక నిర్వచనం ఉంది. చేత్తో రాసి నకలు తీయడం తప్ప, ఒక పత్రానికి ఎక్కువ ప్రతులు తీసే ఏ పద్ధతైనా ముద్రణ కిందికే వస్తుందని. 1961లో సైక్లోస్టైల్ మిషన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటారు. పార్టీల సోషల్ మీడియా విభాగాల నుంచి బయటికి వచ్చే ప్రతి పోస్టర్, ప్రతి వీడియో మీద తయారు చేసినవాళ్ల పేరూ చిరునామా ఉండాలని ఎన్నికల సంఘం ఈ నిర్వచనం ఆధారంగా స్పష్టంగా ఆదేశించాలి. అది చాలదంటే పార్లమెంటు ఆ సెక్షన్‌కు ఒక వాక్యం చేర్చాలి. దాన్ని ఫార్వర్డ్ చేసే ఓటరు పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు.