మాత్రికలకు రంగులు వేసి పోల్చడం: అపోహలు - వాస్తవాలు

ఇంటర్‌లో మాత్రిక అంటే మూడు అడ్డు వరుసలు, మూడు నిలువు వరుసలు. నిర్ధారకం కట్టేస్తే మార్కులు వచ్చేవి. బిల్డింగుల డిజైన్‌లోకి వచ్చాక లెక్క మారిపోయింది. విజయవాడ పటమటలో ఏ సందులో చూసినా కనిపించే జీ ప్లస్ 4 అపార్ట్‌మెంటునే తీసుకోండి. ఇరవై స్తంభాలు, ఐదు శ్లాబులు అనుకుంటే కదలగలిగే జాయింట్లు 100. ఒక్కోదానికి ఆరు కదలికలు: మూడు దిక్కుల్లో జరగడం, మూడు దిక్కుల చుట్టూ తిరగడం. అంటే 600 వరుసల స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్ (ఏ జాయింటు కదలాలంటే ఎంత బలం కావాలో చెప్పే దృఢత్వ మాత్రిక), 3,60,000 అంకెలు. రెండు సాఫ్ట్‌వేర్లు ఇచ్చిన మ్యాట్రిక్సులు ఒకటేనా కాదా అని అంకెలు చదివి తేల్చడం ఎవరి తరమూ కాదు. అందుకే ప్రతి అంకెకూ ఒక రంగు గడి వేసి బొమ్మగా చూస్తాం. దాన్నే హీట్‌మ్యాప్ అంటారు. ఆ బొమ్మలు గీసే పైథాన్, ఆక్టేవ్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి ఖర్చు గురించి టెన్షన్ అక్కర్లేదు. టెన్షన్ పడాల్సింది ఆ బొమ్మను చదివే తీరు గురించే.

అపోహ: రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయంటే రెండు మాత్రికలూ ఒకటే.

దీనికి నేనే మూల్యం చెల్లించాను. ఎం25 కాంక్రీటుకు (25 దాని బలం) కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం స్థితిస్థాపక గుణకం, అంటే పదార్థం ఎంత బిగువో చెప్పే అంకె, 5000 × √25, అంటే 25,000 ఎన్ పర్ ఎంఎం స్క్వేర్. మా జూనియర్ కుర్రాడు ఒక సున్నా మింగేసి 2,500 కొట్టాడు. పాత మోడల్‌దీ కొత్త మోడల్‌దీ హీట్‌మ్యాప్‌లు పక్కపక్కన పెట్టి చూశాను. కవల పిల్లల్లా ఉన్నాయి. "సరిగ్గానే ఉందిరా, రన్ చెయ్యి" అన్నాను. పై అంతస్తు కదలిక పది రెట్లు వచ్చాక గానీ బుర్ర వెలగలేదు.

జరిగింది ఇదీ. మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ ప్రతి బొమ్మకూ విడిగా కొలబద్ద పెట్టుకుంటుంది. ఆ మాత్రికలోని అతి చిన్న అంకెకు ఒక చివరి రంగు, అతి పెద్ద అంకెకు రెండో చివరి రంగు. మాత్రిక మొత్తాన్ని పదితో భాగించినా బొమ్మలో పిసరంత మార్పు ఉండదు. తేడా చెప్పేది ఏ రంగు ఏ అంకెకో చూపిస్తూ పక్కనుండే కలర్‌బార్ ఒక్కటే. స్థలం చాల్లేదని దాన్ని నేనే తీసేశాను! ఇప్పుడు మా ఆఫీసులో రెండు బొమ్మలకూ కనిష్ఠం, గరిష్ఠం ఒకటే ఇస్తాం. మూడో బొమ్మగా ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసిన తేడా వేస్తాం. అందులో సున్నా తెలుపు, ఎక్కువైతే ఎరుపు, తక్కువైతే నీలం. ముందు చూసేది ఆ మూడో బొమ్మనే.

అపోహ: రంగు కనపడని చోట అంకె లేనట్టే.

ఒక స్తంభం తీసుకుందాం. 300 × 450 మిల్లీమీటర్లు, మూడు మీటర్ల ఎత్తు, అదే ఎం25. నిలువుగా నొక్కితే దాని దృఢత్వం మీటరుకు 11,25,000 కిలోన్యూటన్లు. 450 వైపుగా పక్కకు నెడితే సుమారు 25,300 మాత్రమే. మొదటిది రెండోదానికి 44 రెట్లకు పైనే. మామూలు కొలబద్ద మీద ఆ రెండో అంకె రెండు శాతం దగ్గర, దాదాపు సున్నా రంగులో కలిసిపోతుంది. కానీ గాలికైనా భూకంపానికైనా భవనాన్ని నిలబెట్టేది ఆ పక్క దృఢత్వమే. విజయవాడ భూకంపాల కోడ్ ఐఎస్ 1893, 2016 ప్రతిలో మూడో జోన్‌లో (ఓ మోస్తరు ప్రమాదం) ఉంది కాబట్టి మాకు అది పక్కన పెట్టే అంకె కాదు.

దీనికి మందు లాగరిథమ్ కొలబద్ద, పది రెట్లకు ఒక మెట్టు. ప్లస్ మైనస్ గుర్తులు పక్కనపెట్టి పరిమాణాలకు లాగ్ తీసి రంగు వేస్తాం. అసలు సున్నాలను తెల్లగా వదిలేస్తాం. ప్లస్ మైనస్‌లు చూడాలంటే ఇంకో బొమ్మ.

యూనిట్ల గోల ఒకటుంది. మీటరుకు కిలోన్యూటన్, మిల్లీమీటరుకు న్యూటన్ అంకెలో ఒకటే. తిరిగే కదలికల వరుసల్లో మాత్రం కిలోన్యూటన్ మీటరుకూ న్యూటన్ మిల్లీమీటరుకూ పది లక్షల రెట్లు తేడా. అందుకే తేడా బొమ్మలో కొన్ని గళ్లు తెల్లగా, కొన్ని మండిపోతూ కనిపిస్తే నేను ముందు అడిగేది యూనిట్ల గురించే.

అపోహ: బొమ్మ ఆకారం వేరుగా ఉంటే మాత్రికలు వేరు.

వీధి అదే, ఇళ్లు అవే, డోర్ నంబర్లు మార్చారంతే. జాయింట్ల నంబర్లు మారిస్తే అదే భవనపు మాత్రిక ఒకసారి వికర్ణం వెంట సన్నటి పట్టీలా, ఇంకోసారి చల్లిన ఆవాల్లా కనిపిస్తుంది. ఆ ఆవాలను పట్టీగా సర్దడానికే కట్‌హిల్, మెకీ 1969లో ఒక పద్ధతి ఇచ్చారు. సాఫ్ట్‌వేర్లు లోపల ఇలాంటి సర్దుబాట్లు చేసుకుంటాయి కాబట్టి, రెంటినీ ఒకే నంబర్ల క్రమంలోకి తెచ్చాకే పోల్చాలి. బొమ్మ తలకిందులుగా ఉందేమో కూడా చూడండి. పైథాన్‌లో బొమ్మలు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే ఇమ్‌షో అనే కమాండ్ మొదటి వరుసను పైన పెడుతుంది, పీకలర్‌మెష్ కింద పెడుతుంది.

అపోహ: స్క్రీన్ మీద మాత్రిక మొత్తం కనిపిస్తోంది.

పదివేల వరుసలుంటే పది కోట్ల గళ్లు. మన మానిటర్ ఎత్తు 1080 చుక్కలు. ఒక్కో చుక్కలో దాదాపు వంద అంకెలు ఇరుక్కుంటాయి. అందులో ఒక్కటి తప్పయితే సగటులో కరిగిపోతుంది, లేదా అసలు గీయబడదు. సున్నా కాని చోట్ల చుక్క పెట్టే స్పై బొమ్మది తిరగబడ్డ బాధ. అక్కడ చుక్క గడికన్నా పెద్దది కావడంతో చాలావరకు సున్నాలే ఉన్న మాత్రిక కూడా కిక్కిరిసినట్టు ఉంటుంది. తేడా మాత్రికను వంద వరుసల ముక్కలుగా చేసి, ఒక్కో ముక్కలో అతి పెద్ద తేడాను మాత్రమే రంగుగా వేస్తే దొంగ దొరుకుతాడు.

అపోహ: ఇంద్రధనుస్సు రంగులైతే బాగా తెలుస్తుంది.

జిరాక్స్ తీసి చూడండి. జెట్ అనే ఆ ఇంద్రధనుస్సు రంగుల్లో ముదురు నీలం, ముదురు ఎరుపు రెండూ దాదాపు ఒకేలాంటి ముదురు బూడిద రంగులోకి వస్తాయి. అంటే అతి తక్కువకూ అతి ఎక్కువకూ తేడా పోయింది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2017లో వచ్చిన 2.0 వెర్షన్‌తో డిఫాల్ట్‌గా ఉన్న జెట్‌ను తప్పించి విరిడిస్ అనే రంగుల వరుసను పెట్టింది.

అపోహ: బొమ్మ నున్నగా ఉంటే మాత్రిక ఆరోగ్యంగా ఉన్నట్టే.

హిల్బర్ట్ మాత్రిక వేసి చూడండి. మొదటి గడిలో 1, పక్కన 1/2, ఆ పక్కన 1/3, అలా తగ్గుతూ పోతుంది. బొమ్మ ఎంతో ముద్దుగా ఉంటుంది. పది వరుసల దానికే కండిషన్ నంబర్ (చిన్న తప్పు జవాబులో ఎన్ని రెట్లు పెరగొచ్చో చెప్పే అంకె) 1.6 × 10¹³ దాకా ఉంటుంది. కంప్యూటర్ మామూలుగా మోసే పదహారు అంకెల్లో పదమూడు దాకా జవాబులో గల్లంతయ్యే ప్రమాదం ఉంది. ఏ రంగూ ఇది చూపించదు. అందుకే మా కుర్రాళ్లు ప్రతి బొమ్మ కింద కండిషన్ నంబర్ రాస్తారు. రాయని బొమ్మను నేను వెనక్కి పంపేస్తాను.