ఎంఎస్ ఉన్నవాళ్ల నడక: అపోహలు - వాస్తవాలు

విజయవాడ సూర్యారావుపేటలో నా ఫిజియోథెరపీ క్లినిక్. నడక సమస్యతో ఎవరొచ్చినా ముందు వాళ్ల చెప్పులు తిరగేసి చూస్తాను. ఈమధ్య తెనాలి నుంచి ఒక టీచరుగారు వచ్చారు. ఆవిడ కుడి చెప్పు, బొటనవేలి కింద, అరిగి అరిగి రేకులా అయిపోయింది. ఎడమ చెప్పు మాత్రం కొత్తదిలాగే ఉంది. అడుగు వేసేటప్పుడు కుడి పాదం ముందు భాగం పైకి లేవడం లేదు, నేలకి రాసుకుంటూ వస్తోంది. "దార్లో చెప్పు ఊడిపోయినా నాకు తెలియదు మేడమ్, వెనక వచ్చేవాళ్లు పిలిచి చెబుతారు" అన్నారు.

ఆవిడకి మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఏ పనీ చెయ్యనివ్వలేదు. బజారుకి మరిది వెళ్తారు, మేడ మీద బట్టలు అత్తగారు ఆరేస్తారు. కాళ్లు కాస్త దాచుకుంటే నాలుగు రోజులు ఎక్కువ పనిచేస్తాయని అందరి నమ్మకం. కాళ్లు అలా దాచుకుంటే మిగిలేవి కావు.

ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే మైలిన్ పొరని దెబ్బతీస్తుంది. దాంతో మెదడు పంపిన ఆదేశం కాలికి ఆలస్యంగా, బలహీనంగా చేరుతుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది, మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువ. అయితే నడక తగ్గడంలో జబ్బు వాటా ఒకటి, కదలకుండా కూర్చోవడం వాటా ఇంకొకటి. జబ్బు వాటా న్యూరాలజిస్టుగారు, ఆయన రాసే మందులు చూసుకోవాలి. రెండో వాటాని మాత్రం చాలావరకు మనమే వెనక్కి తెచ్చుకోవచ్చు. వ్యాయామంతో పోయిన మైలిన్ తిరిగొస్తుందని నేను ఎవరికీ చెప్పను. పోయిన కండబలం, బ్యాలెన్స్, దమ్ము తిరిగొస్తాయి, అది రోజూ చూస్తున్నాను.

అపోహ: వ్యాయామం చేస్తే జబ్బు తిరగబెడుతుంది

ఈ మాట పేషెంట్లు పుట్టించింది కాదు. చాలా ఏళ్లపాటు డాక్టర్లే ఎంఎస్ వాళ్లని అలసిపోవద్దని, విశ్రాంతి తీసుకోమని చెప్పేవారు. 1996లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 54 మందితో ఒక అధ్యయనం ప్రచురించాక ఆలోచన మారడం మొదలైంది. అందులో వ్యాయామం చేసినవాళ్లు 15 వారాలు, వారానికి మూడు రోజులు, చేతులతో, కాళ్లతో సైకిల్ యంత్రం తొక్కారు. వాళ్ల దమ్ము, బలం పెరిగాయి. ఆ తర్వాత వచ్చిన చాలా అధ్యయనాలు కలిపి చూసినా, వ్యాయామం చేసినవాళ్లకి రిలాప్స్‌లు, అంటే జబ్బు తిరగబెట్టడం, ఎక్కువేమీ రాలేదు.

ఎంత చెయ్యాలి అంటే, తక్కువ నుంచి మధ్యస్థ ఇబ్బంది ఉన్నవాళ్లకి 2013లో వచ్చిన కెనడా మార్గదర్శకాలు నేను మొదటి మెట్టుగా వాడతాను: వారానికి రెండు రోజులు అరగంట చొప్పున గుండె వేగం పెంచే వ్యాయామం, రెండు రోజులు కండబలం కోసం. వేగం సరిపోయిందో లేదో తెలియడానికి మిషను అక్కర్లేదు. చేస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి.

అపోహ: ఒళ్లు వేడెక్కి కాళ్లు తేలిపోయాయంటే రిలాప్స్ వచ్చినట్టే

మన ఊళ్లో దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఇక ఎంఎస్ ఉన్న మనిషి సంగతి చెప్పాలా. మే నెలలో నాకొచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే: "నిన్నటిదాకా బాగానే ఉంది మేడమ్, ఇవాళ పొయ్యి దగ్గర గంట నిలబడితే కాళ్లు రెండూ దూదిలా అయిపోయాయి, చూపు మసకేసింది."

దీన్ని ఊథాఫ్ లక్షణం అంటారు. 1890లో విల్హెల్మ్ ఊథాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు, ఎంఎస్ ఉన్నవాళ్లకి శ్రమ చేశాక చూపు మసకబారడం గమనించి రాశారు. తర్వాత తేలిందేమంటే అసలు కారణం శ్రమ కాదు, వేడి. మైలిన్ దెబ్బతిన్న నరంలో, ఒంట్లో వేడి అర డిగ్రీ పెరిగినా సంకేతం మధ్యలో ఆగిపోవచ్చు. ఒళ్లు చల్లబడితే మళ్లీ వెళ్తుంది. నరానికి కొత్తగా దెబ్బేమీ తగలదు.

తేడా ఎలా పట్టాలి? నీడలో ఫ్యాను కింద కూర్చుని, మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, చల్లటి నీళ్లు తాగితే గంటలోపు తగ్గిందా, అది వేడి ప్రభావమే. కొత్త బలహీనతో తిమ్మిరో 24 గంటలు దాటినా అలాగే ఉంటే వెంటనే న్యూరాలజిస్టుకి ఫోన్ చెయ్యండి. జ్వరమో, మూత్రంలో ఇన్ఫెక్షనో ఉన్నా పాత లక్షణాలు పైకి తేలతాయి కాబట్టి అదీ చూపించుకోవాలి.

ఇక్కడే ఇంకో సంగతి. బయట బాత్రూమ్ దొరకదని మన ఆడవాళ్లు చాలామంది పొద్దున్నుంచి నీళ్లు మానేసి క్లినిక్‌కి వస్తారు. ఎండాకాలంలో అంతకంటే చెడు చేసేది లేదు. వేడికి తట్టుకోలేరు, మూత్రం ఇన్ఫెక్షన్ కూడా తేలిగ్గా వస్తుంది. మూత్రం ఆపుకోలేకపోవడం ఎంఎస్‌లో మామూలే. సిగ్గుపడకుండా చెబితే దానికి మందులున్నాయి, వ్యాయామాలూ ఉన్నాయి.

వేసవిలో నేను వ్యాయామం ఆపించను, టైము మారుస్తాను. తెల్లవారుజామున, లేదా ఏసీ గదిలో. మొదలుపెట్టే ముందు చన్నీళ్ల స్నానం. ఒకేసారి అరగంట కాకుండా పదేసి నిమిషాలు మూడుసార్లు.

అపోహ: నడక బాగుపడాలంటే నడిస్తే చాలు, మధ్యలో కూర్చుంటే లెక్కలోకి రాదు

గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చే ఒకాయన రోజూ పట్టుదలగా రెండు కిలోమీటర్లు ఆగకుండా నడిచేవారు. చివరి అర కిలోమీటరు కాలు ఈడ్చుకుంటూ, నడుము పక్కకి వంచుతూ. అలసిన కాలితో తప్పుగా వేసే అడుగులనే ఆయన రోజూ సాధన చేస్తున్నారని చెప్పడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు రెండు నిమిషాలు నడిచి, ఒక నిమిషం కూర్చుని, మళ్లీ లేస్తారు. మొత్తం దూరం మునుపటికంటే ఎక్కువే, అడుగు మాత్రం చివరిదాకా శుభ్రంగా పడుతోంది.

అసలు పని నడకలో కన్నా వేరే వ్యాయామాల్లోనే ఎక్కువ జరుగుతుంది. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. వంటగట్టు పట్టుకుని మడమలు ఎత్తడం. గోడ పక్కన నిలబడి కాలు పక్కకి లేపడం, ఎందుకంటే తుంటి పక్క కండరం బలహీనపడితే ఒంటికాలి మీద బరువు ఆగదు. ఒక పాదం ముందు ఇంకో పాదం పెట్టి నిలబడడం. ఇవి కుదిరాక, చేతిలో నీళ్ల గ్లాసు పట్టుకుని మాట్లాడుతూ నడవడం, ఎందుకంటే చాలామంది పడేది ధ్యాస మళ్లినప్పుడే. బ్యాలెన్స్ వ్యాయామాలకి మొదట్లో పక్కన మనిషి ఉండాలి.

మా క్లినిక్ వరండాలో నేల మీద రెండు ఎర్ర టేపులు అతికించాను, వాటి మధ్య దూరం 25 అడుగులు (దాదాపు ఏడున్నర మీటర్లు). భద్రంగా, ఎంత వేగంగా నడవగలరో అంత వేగంగా నడవమని సెకన్లు లెక్కపెడతాను. ఇది ప్రపంచమంతా వాడే పరీక్షే. టైములో దాదాపు 20 శాతం తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా లెక్కిస్తారు. ఒక రోజు బాగుండి ఒక రోజు బాగుండకపోవడం ఎంఎస్ స్వభావం కాబట్టి, ఒక్కరోజు సెకన్లు చూసి సంబరపడనివ్వను, దిగులు పడనివ్వను.

అపోహ: కరెంటు పెట్టించుకుని, నూనె మర్దన చేయించుకుంటే చాలు

పక్షవాతానికి చేసినట్టే చెయ్యమంటారు. మర్దన హాయిగా ఉంటుంది, కాదనను. కానీ పడుకుని ఉన్న కాలు నడక నేర్చుకోదు. వేడి కాపడాలు, వేడి నూనె అసలొద్దు. ఒళ్లు వేడెక్కితే బలహీనత పెరుగుతుంది, పైగా స్పర్శ తగ్గిన చోట కాలినా తెలియదు. పాదం లేవనివాళ్లకి అడుగు వేసే క్షణంలో నరాన్ని ప్రేరేపించే పరికరం వేరే సంగతి. అది కొందరికి ఉపయోగపడుతుంది.

అపోహ: కర్ర పట్టామంటే ఓడిపోయినట్టే

ఇది విన్నప్పుడల్లా నాకు బాధేస్తుంది. గోడలు, మనుషుల భుజాలు పట్టుకుని నడుస్తారు గానీ కర్ర ముట్టుకోరు. నలుగురూ చూస్తారని పెళ్లిళ్లకే వెళ్లడం మానేసినవాళ్లున్నారు. కర్రతో నడిచే వెయ్యి అడుగులు, కర్ర లేక ఇంట్లోనే ఉండిపోవడం కన్నా కాళ్లకి ఎంతో మేలు.

కుడి కాలు బలహీనమైతే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చెప్పులేసుకుని చేతులు వదిలేసి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరికి రావాలి. అడుగున రబ్బరు అరిగితే మార్చండి, తడి గ్రానైట్ మీద అది ప్రాణాంతకం. పాదం పైకి లేవనివాళ్లు హవాయి చెప్పులు మానేసి, వెనక పట్టీ ఉన్నవి వాడాలి. టీచరుగారికి పాదాన్ని పైకి పట్టి ఉంచే ప్లాస్టిక్ పట్టీ బూటులో అమర్చాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఎంఎస్ కూడా ఉంది, సదరం సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేసుకోవడానికి మొహమాటపడకండి.

అపోహ: అలసట అనేది బద్ధకానికి పెట్టుకున్న పేరు

కాదు. రాత్రంతా నిద్రపోయినా పదింటికల్లా ఒళ్లు బరువెక్కడం ఈ జబ్బులో భాగమే. అత్తగారూ, భర్తగారూ దయచేసి నమ్మండి. క్రమంగా చేసే వ్యాయామంతో ఈ అలసట చాలామందికి తగ్గుతుంది.

అపోహ: నడకకి మాత్ర వచ్చింది కదా, ఇవన్నీ ఎందుకు

ఫాంప్రిడిన్ మాట అది. అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. కొందరిలో నడక వేగం పెంచుతుంది, అందరిలో కాదు. ఫిట్స్ వచ్చినవాళ్లు వాడకూడదు. న్యూరాలజిస్టు చెప్పకుండా కొనొద్దు. అది పనిచేసినా, పెరిగిన వేగాన్ని మొయ్యడానికి తొడలో బలం కావాలి.

అపోహ: వీల్‌చెయిర్‌లోకి వచ్చాక ఇక చేసేదేమీ లేదు

చేసేది ఉంది. బల్ల పట్టుకుని రోజూ కొన్ని నిమిషాలు నిలబడడం, చేతులతో తొక్కే సైకిల్, బిగుసుకుపోయిన పిక్కలు సాగదీయడం, కుర్చీలో నిటారుగా కూర్చునే సాధన. మంచం మీంచి కుర్చీలోకి మారడానికి ఇద్దరి సాయం కావాల్సిన మనిషి ఒక్కరి సాయంతో మారగలిగితే, ఆ ఇంట్లో రోజు మొత్తం మారిపోతుంది. మేనకోడలి పెళ్లికి కార్లో వెళ్లగలరా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది.