ఒక్క శాతం సాగితే చాలు

రబ్బరును సాగదీస్తే సాగుతుంది, మరి అయస్కాంతాన్ని సాగదీస్తే ఏమవుతుందని ఒక పాఠకుడు అడిగారు. పెరోవ్‌స్కైట్ ఆక్సైడ్లలోనైతే (లోహాలు, ఆక్సిజన్ కలిసి ఘనాకారపు గళ్లుగా అమరిన స్ఫటికాలివి) అయస్కాంతం దిశ మారొచ్చు, ఉన్న అయస్కాంతత్వం పోవచ్చు, లేనిది రావచ్చు.

ఇవి పెళుసు స్ఫటికాలు. లాగితే ఒక్క శాతం సాగేలోపే పగిలిపోతాయి. అందుకే దొడ్డిదారి: పరమాణువుల మధ్య దూరం కాస్త ఎక్కువున్న మరో స్ఫటికం మీద వీటిని పలుచని పొరగా పెంచుతారు. కింది పరమాణువులు ఎక్కడుంటే పైవీ అక్కడే సర్దుకోవాలి. స్ట్రాంషియం టైటనేట్ అనే పెరోవ్‌స్కైట్‌లో ఒక్కో గడి అంచు కొలత 3.905 ఆంగ్‌స్ట్రామ్‌లు (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పదికోట్లవ వంతు). ఎంత చల్లబరిచినా దానంతటదే ప్లస్, మైనస్ కొసలుగా చీలదు. దాన్నే డిస్ప్రోషియం స్కాండేట్ మీద సుమారు ఒక శాతం సాగదీసి పెంచితే, మామూలు గది వేడిలోనే అలా చీలే ఫెర్రోఎలక్ట్రిక్ గుణం వచ్చేసిందని 2004లో చూపించారు.

క్లాసులో ఈ స్ఫటికాల ఘనం బొమ్మ గీయించి, ఫార్ములా బట్టీ పట్టించి వదిలేస్తారు. తమాషా అంతా ఆ ఘనం లోపల జరుగుతుంది. మాంగనీస్ ఉన్న పెరోవ్‌స్కైట్లను, అంటే మాంగనైట్లనే తీసుకోండి. ప్రతి మాంగనీస్ చుట్టూ ఆరు ఆక్సిజన్లు: నాలుగు పక్కలా నాలుగు, పైనొకటి, కిందొకటి. మాంగనీస్-ఆక్సిజన్-మాంగనీస్ వరస తిన్నగా ఉండదు, మడత గేటు కమ్మీల్లా కాస్త వంగి ఉంటుంది. గేటును లాగితే కమ్మీలు సాగవు, కీళ్ల దగ్గర కోణాలు విచ్చుకుంటాయి. స్ఫటికంలోనూ కోణం 180 డిగ్రీలకు దగ్గరైతే ఎలక్ట్రాన్ ఒక మాంగనీస్ నుంచి ఇంకోదానికి తేలిగ్గా దూకుతుంది. కానీ గేటుకు లేని చిక్కు ఇక్కడొకటుంది: ఈ కమ్మీలు కూడా సాగుతాయి, సాగితే దూకడం కష్టం. ఒకటి ముందుకు తోస్తే ఇంకోటి వెనక్కి లాగుతుంది.

ఇంతకన్నా గమ్మత్తు ఆర్బిటాళ్లది, అంటే పరమాణువులో ఎలక్ట్రాన్లుండే గదులది. మూడు ధనావేశాలున్న మాంగనీస్‌లో చివరి ఎలక్ట్రాన్‌కు రెండు గదులు: ఒకటి అడ్డంగా పరుచుకున్నది, ఇంకోటి నిలువుగా నిక్కినది. ఆరు ఆక్సిజన్లూ సమాన దూరంలో ఉంటే రెండింటి శక్తీ ఒకటే. పొర అడ్డంగా సాగితే పక్క ఆక్సిజన్లు దూరం జరుగుతాయి, పైనా కిందా ఉన్నవి దగ్గరకొస్తాయి. ఆక్సిజన్లదీ ఋణావేశమే కనుక ఎలక్ట్రాన్ వాటి పోరు తక్కువున్న అడ్డగదికే మొగ్గుతుంది. పొరను నొక్కితే నిలువుగదికి పోతుంది. ఎలక్ట్రాన్ ఏ దారిన దూకుతుందో, ఆ దారిలోని మాంగనీస్‌ల స్పిన్లు (ఒక్కో పరమాణువులోని బుల్లి అయస్కాంతాలు) ఒకే వైపుంటే దానికి లాభం. కాబట్టి మరీ ఎక్కువ సాగదీస్తే ఒక్కో అంతస్తులో స్పిన్లన్నీ ఒకవైపు, పై అంతస్తులో ఎదురువైపు! మొత్తం అయస్కాంతత్వం సున్నా.

లాంథనం స్ట్రాంషియం మాంగనైట్‌ను స్ట్రాంషియం టైటనేట్ మీద సాగదీసి పెంచితే అయస్కాంత దిశ పొర వెంబడి పడుకుంటుంది. కొలత 3.79 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉన్న లాంథనం అల్యూమినేట్ మీద నలిపి పెంచితే నిలబడుతుంది. పదార్థం అదే, చాప మారిందంతే.

యూరోపియం టైటనేట్ మామూలుగా అయస్కాంతమూ కాదు, ఫెర్రోఎలక్ట్రిక్కూ కాదు. సాగదీస్తే రెండూ అవుతుందని ముందు లెక్కల్లో తేలింది, 2010లో ప్రయోగంలోనూ నిజమైంది. కాకపోతే ఆ అయస్కాంతత్వం 4 కెల్విన్ (సుమారు మైనస్ 269 డిగ్రీల సెల్సియస్) దాకా చల్లబరిస్తే గానీ రాదు. పొర మందం పెరిగినా ఇబ్బందే: బిగువు తట్టుకోలేక అక్కడక్కడా పరమాణువుల వరసలు తెగి, పై భాగం తన పాత కొలతకి జారిపోతుంది.