తోడు లేని రెండు వారాలు

ఎలుక పిల్లలు సుమారు మూడు వారాల వయసులో తల్లిపాలు మానేస్తాయి. హార్వర్డ్ శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ వయసు పిల్లల్ని విడదీసి, రెండు వారాల పాటు ఒక్కోదాన్ని ఒక్కో బోనులో ఉంచారు. తిండికీ నీళ్లకూ లోటు లేదు. లేనిదల్లా తోడే. ఆ తర్వాత తోటి ఎలుకలతో కలిపేశారు. అయినా పెద్దయ్యాక చూస్తే మెదడు ముందుభాగంలో మైలిన్ పలచగానే ఉంది. ఐదు వారాలు నిండాక అలాగే ఒంటరిగా ఉంచిన ఎలుకల్లో మాత్రం ఈ నష్టం కనబడలేదు. 2012లో వెలువడిన ఈ ఫలితం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మైలిన్ అంటే నాడీతంతువుల చుట్టూ ఉండే కొవ్వు తొడుగు. అది లేని సన్నటి తంతువులో సంకేతం సెకనుకు ఒకటి రెండు మీటర్లు కదిలితే గొప్ప. మందమైన తొడుగున్న తంతువులో 100 మీటర్లు కూడా దాటుతుంది. మెదడులో ఈ తొడుగు చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లు. ఒక్కో కణం అన్ని వైపులకూ కొమ్మలు చాచి, ఒక్కో కొమ్మతో ఒక్కో తంతువును చుడుతుంది. ఒంటరిగా పెరిగిన ఎలుక పిల్లల్లో ఆ కొమ్మలు పొట్టిగా, తక్కువ చీలికలతో మిగిలిపోయాయి.

పెద్ద ఎలుకల సంగతి వేరు. ఎనిమిది వారాల ఒంటరితనం వాటి మైలిన్‌నూ దెబ్బతీసింది కానీ, నాలుగు వారాలు తోటివాటితో గడిపాక కోలుకుంది. లండన్‌లో 2014లో ఇంకో ప్రయోగం చేశారు. ఎలుకలు పరిగెత్తే చక్రంలో కొన్ని పుల్లలు తీసేశారు. కొత్త ఆలిగోడెండ్రోసైట్లు పుట్టకుండా చేసిన ఎలుకలు దాని మీద పరిగెత్తడం సరిగా నేర్చుకోలేకపోయాయి. ముందే నేర్చుకున్నవి మాత్రం తడబడలేదు. అంటే కొత్త పని నేర్వడానికి పెద్ద వయసులోనూ ఈ కణాలు కావాలి.

మరి మనుషుల్లో? రుమేనియాలో 2000లో మొదలైన ఒక అధ్యయనంలో అనాథాశ్రమాల్లోని 136 మంది పసిపిల్లల్లో సగం మందిని లాటరీ పద్ధతిలో పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. ఆశ్రమాల్లో ఒక్కో ఆయా చేతికింద ఎంతోమంది పిల్లలు. ఎత్తుకునేవాళ్లు, మాట్లాడించేవాళ్లు లేరు. ఎనిమిదేళ్లు దాటాక స్కాన్ తీస్తే, ఆశ్రమంలోనే ఉంచిన పిల్లల్లో మెదడులోని తెల్లపదార్థం, అంటే మైలిన్ తొడుగున్న తంతువుల సముదాయం, తక్కువగా కనిపించింది. పెంపుడు కుటుంబాల్లో పెరిగినవాళ్లకూ, ఎప్పుడూ ఆశ్రమంలో ఉండని పిల్లలకూ మధ్య ఇందులో చెప్పుకోదగ్గ తేడా లేదు. స్కాన్ మైలిన్‌ను నేరుగా కొలవదు కాబట్టి తేడా అంతా దానివల్లే అనలేం. ఎత్తుకునే చేతులు దొరికిన పిల్లలకూ దొరకని పిల్లలకూ మధ్య తేడాను మాత్రం ఆ స్కాన్లు స్పష్టంగానే చూపించాయి.