పేజీ మీద కన్ను, చెట్టు మీద కన్ను

ప్రకృతిలో దొరికే ఆనందం పుస్తకంలో దొరుకుతుందా అని బడుల్లో వక్తృత్వ పోటీలు పెడుతుంటారు. పిల్లలు రెండు జట్లుగా చీలి పద్యాలు, సూక్తులు బట్టీపట్టి వచ్చి వాదిస్తారు. ఆ రెండు పనులూ చేసేటప్పుడు కంట్లో ఏం జరుగుతుందన్న ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. జవాబులో సగం అక్కడే ఉంది.

చదువుతున్నప్పుడు చూపు వరస వెంట నీళ్ళలా పారుతుందనుకుంటాం. పారదు, గెంతుతుంది. ఈ సంగతి 19వ శతాబ్దం చివర్లో పారిస్‌లో ఎమిల్ జావాల్ అనే కంటి వైద్యుడి ప్రయోగశాలలో బయటపడింది. కన్ను ఒకచోట పావు సెకను కన్నా కాస్త తక్కువసేపు ఆగుతుంది, ముందుకు దూకుతుంది, మళ్ళీ ఆగుతుంది. అర్థం కాకపోతే వెనక్కి దూకుతుంది. ఎందుకీ అవస్థ? కంటి లోపల వెనకనుండే తెర, రెటీనా, మొత్తంలో అక్షరాన్ని పోల్చుకోగల చోటు నడిమధ్యన చిన్న గుంట ఒక్కటే. చెయ్యి చాపి బొటనవేలి గోరు చూడండి. ఆ గుంట ఒక్కసారికి స్పష్టంగా చూడగలిగింది దాదాపు అంతే, రెండు డిగ్రీలు.

కావాలంటే ఇక్కడే పరీక్షించుకోండి. ఈ వరసలో ఏదో ఒక పదం మధ్య అక్షరం మీద చూపు నిలపండి. కన్ను కదపకుండా దానికి నాలుగు పదాల అవతల ఏముందో చదవండి. అక్కడేదో నల్లగా ఉందని తెలుస్తుంది కానీ అది ‘ప’నో ‘ఫ’నో తేలదు. ఆ రెంటికీ తేడా అడుగున ఒక చిన్న గీత. ‘స్త్రీ’ లాంటి అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఒకే గూట్లో ఇరుక్కుని ఉంటాయి. అంత ఇరుకును విడదీయడం అంచు చూపు వల్ల కాదు, కాబట్టి ఆ గుంటను మోసుకెళ్ళి ప్రతి ముక్క మీదా పెట్టాల్సిందే.

లెక్క వేద్దాం. సెకనుకు నాలుగు గెంతుల చొప్పున గంటకు 14,400. ఒక్కో గెంతుకు 25 మిల్లీసెకన్లు వేసుకున్నా మొత్తం 360 సెకన్లు. కన్ను కదులుతున్నంతసేపూ మెదడు చూపును అణిచిపెడుతుంది, లేకపోతే పేజీ అంతా అలుక్కుపోయినట్టు కనిపించేది. అంటే గంటసేపు నవల చదివితే అందులో ఆరు నిమిషాలు మనకు ఏమీ కనపడదు, కనపడలేదన్న సంగతీ తెలియదు!

ఇక కండరం సంగతి. పుస్తకాన్ని 33 సెంటీమీటర్ల దూరాన పట్టుకుంటే కంటి కటకం అదనంగా మూడు డయాప్టర్ల (కటకం బలాన్ని కొలిచే కొలత) బలం తెచ్చుకోవాలి. కటకం చుట్టూ ఉంగరంలా ఉండే సిలియరీ కండరం బిగుసుకుంటుంది. అది బిగిస్తే కటకాన్ని లాగిపట్టిన సన్నని తాళ్ళు వదులవుతాయి, కటకం ఉబ్బుతుంది. చదివినంతసేపూ కండరం పిడికిలి బిగించినట్టే ఉంటుంది. నలభై దాటాక కటకమే గట్టిపడి ఉబ్బడం మానేస్తుంది. చత్వారం అన్న పేరులోనే ఆ నలభై ఉంది. చదివేటప్పుడు రెప్పలు వాల్చడం కూడా తగ్గుతుంది, కన్నీటి పొర ఆరిపోయి కళ్ళు మండుతాయి. మసక వెలుతురులో చదివితే చూపు పోతుందనే భయం మాత్రం అక్కర్లేదు. కళ్ళు అలుస్తాయి, అంతే.

ఇప్పుడు అదే కన్ను పుస్తకం మీంచి లేచి 6 మీటర్ల అవతలున్న వేపచెట్టు మీద వాలిందనుకోండి. మూడు డయాప్టర్ల బరువు దాదాపు సున్నాకు దిగుతుంది, పిడికిలి విప్పుకుంటుంది. చెట్టు మీదా కన్ను గెంతుతూనే ఉంటుంది. కానీ ఎడమ నుంచి కుడికే వెళ్ళాలన్న నియమం లేదు, ఒక కొమ్మ వదిలేస్తే వాక్యం చెడదు. చదివేటప్పుడు అడ్డమని పక్కకు నెట్టిన అంచు చూపుకు తన పని తనకు దొరుకుతుంది. అక్షరం పోల్చలేని ఆ భాగమే ఆకు కదలికను, ఉడుత తోకను చప్పున పట్టేస్తుంది.

ధ్యాసదీ ఇదే దారి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్రవేత్తలైన రేచల్, స్టీఫెన్ కాప్లన్ దంపతులు చెప్పింది ఇదే: మనం బలవంతంగా నిలిపే ధ్యాస అలిసిపోతుంది, నీటి అల, మబ్బు, ఆకు లాంటివి దాన్ని వాటంతటవే పట్టుకుంటే ఆ అలసట తీరుతుంది. 2008లో అక్కడి పరిశోధకులు బెర్మన్, జోనిడెస్, స్టీఫెన్ కాప్లన్ దీన్ని పరీక్షించారు. కొన్ని అంకెలు వినిపించి వెనక నుంచి ముందుకు చెప్పించారు. తర్వాత ఒకసారి చెట్ల మధ్య, మరోసారి ఊరి వీధుల్లో నడిపించి మళ్ళీ అడిగారు. చెట్ల మధ్య నడిచొచ్చాక జవాబులు మెరుగయ్యాయి. చలికాలంలో వణుకుతూ, పెద్దగా ఇష్టం లేకుండా నడిచినవాళ్ళకూ ఆ లాభం దక్కింది. హాయిగా అనిపించడం వేరు, అలసట తీరడం వేరు అని ఇక్కడే తేలుతుంది. ఇంకో తమాషా కూడా ఉంది. కెనడాలోని ఒటావాలో 2011లో వెలువడిన ఒక పరిశోధనలో, బయట నడిస్తే ఎంత బాగుంటుందని ముందే అడిగితే జనం తక్కువ అంచనా వేశారు. నడిచాక అంతకన్నా ఎక్కువ బాగుందన్నారు.

మరి పుస్తకం ఇచ్చే ఆనందం ఎక్కడిది? 2006లో స్పెయిన్ పరిశోధకులు దాల్చినచెక్క, వెల్లుల్లి లాంటి మాటలు చదివిస్తూ మెదడును స్కాన్ చేశారు. వాసన లేని కాగితం మీద ఉట్టి మాట చదివినా వాసన చూసే ప్రాంతం మేల్కొంది. అందుకే తొలకరి అన్న మాట చదవగానే మట్టి వాసన ముక్కుకు తగిలినట్టుంటుంది. నేలలోని స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది. చినుకు పొడినేల మీద పడగానే దాని కింద చిక్కిన గాలి బుడగలై పైకొచ్చి పగిలి, వాసనను తుంపరగా చిమ్ముతుంది. కుండపోత కన్నా చిరుజల్లుకే ఈ తుంపర ఎక్కువని 2015లో అమెరికాలోని ఎమ్‌ఐటీ విశ్వవిద్యాలయం వాళ్ళు హైస్పీడ్ కెమెరాలతో చూపించారు. ఆ వాసన ఒక్కసారైనా పీల్చని పిల్లాడికి తొలకరి అంటే నాలుగక్షరాలే. పుస్తకం ఖర్చు పెట్టే సొమ్ము బయట సంపాదించింది. లోతు అడిగితే నా ఓటు ప్రకృతికే.

అయితే ఆ సొమ్ము లెక్కపెట్టడం నేర్పేది పుస్తకమే. తీగ మీద ముడుచుకు కూర్చున్న పాలపిట్ట మట్టిరంగులో, ఎవరికీ పట్టనట్టు ఉంటుంది. రెక్క విప్పితే నీలం భగ్గుమంటుందని చదివినవాడు అది ఎగిరేదాకా ఆగుతాడు. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని దాన్ని పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బులు తీసుకోవడం మాత్రం నేరం, క్రూరం. రెక్క విప్పని పాలపిట్టలో చూడాల్సింది ఏముంది?

చదివే అలవాటున్నవాళ్ళు పాటించాల్సింది చాలా సులువు. ప్రతి 20 నిమిషాలకు తలెత్తి 20 అడుగుల అవతలి వస్తువును 20 సెకన్లు చూడండి. నాలుగైదుసార్లు రెప్పలు పూర్తిగా మూసి తెరవండి. ఎదురుగా గోడ రెండు మీటర్లలోనే ఉంటే ఇది పనిచేయదు, కండరం అరకొరగానే వదులవుతుంది. కుర్చీని కిటికీ వైపు తిప్పుకోండి. ఆ 20 సెకన్లలో ఫోన్ చూస్తే పుస్తకం కన్నా దగ్గరికి వచ్చినట్టే, బిగువు ఇంకా పెరుగుతుంది. నడకకు వెళ్తే ఇయర్‌ఫోన్లు ఇంట్లో పెట్టి వెళ్ళండి. చెవిలో మాటలు మోగుతుంటే ధ్యాసకు విరామం దొరకదు.

పిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో ఒకటో తరగతి పిల్లలను రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట ఉంచారు. మూడేళ్ళలో హ్రస్వదృష్టి (దూరంవి మసగ్గా కనపడటం) కొత్తగా వచ్చినవాళ్ళు అక్కడ 30.4 శాతం, మామూలు బడుల్లో 39.5 శాతం. గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్ (వెలుతురు కొలత) ఉంటే పగటిపూట చెట్టునీడలో కూడా కొన్ని వేల లక్స్ ఉంటుంది. ఆ వెలుగుకు రెటీనాలో విడుదలయ్యే డోపమైన్ అనే రసాయనం కనుగుడ్డు పొడవుగా సాగకుండా ఆపుతుందని శాస్త్రజ్ఞుల భావన. ఆటల పీరియడ్‌ను లెక్కలకు ఇచ్చేసే అలవాటు మన బడుల్లో చాలాచోట్ల ఉంది. ఆ పీరియడ్ పిల్లలకు తిరిగి ఇచ్చేయాలి. వాళ్ళు చదువుకునే పుస్తకమైనా సరే, వేపచెట్టు నీడలో కూర్చోబెట్టి చదివించవచ్చు.