కీమా ఫ్రైడ్ రైస్ ఇంట్లో ముద్దెందుకవుతుంది? అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో పన్నెండేళ్లుగా సాయంత్రం పూట ఫ్రైడ్ రైస్ బండి నడుపుతున్నాను. పొట్లం కట్టేలోపు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "ఇంట్లో చేస్తే ముద్దవుతోంది, ఎందుకండీ?" జవాబు కూడా వాళ్లే చెప్పేస్తారు. మంట చాలదంటారు, బాస్మతి కొనలేదంటారు, మీరేదో పొడి కలుపుతారంటారు. నేను చూసినంతలో అసలు కారణం నీళ్లు. కీమాలో ఊరిన నీళ్లు, అన్నంలో మిగిలిన నీళ్లు. అన్నం పొద్దున్నే వండి ఉంచుకుంటే, ఏడున్నరకు పని నుంచి ఇల్లు చేరినవారు ఎనిమిదింటికల్లా కంచం ముందు కూర్చోగలిగే వంట ఇది. లేనిపోని భయాలతో దీన్ని వదులుకుంటున్నారని నా బాధ.

అపోహ: కీమాను ముందు కుక్కర్లో ఉడికించాలి.

కూరకైతే సరే, ఫ్రైడ్ రైస్‌కు వద్దు. సన్నగా ఆడించిన కీమా మూకుట్లోనే పది, పన్నెండు నిమిషాల్లో వేగిపోతుంది. మూకుడు బాగా కాలాక పావు కిలో కీమా వేసి, అట్లకాడతో పలచగా పరిచి, రెండు నిమిషాలు ముట్టుకోకండి. ముందు బూడిద రంగుకు తిరుగుతుంది, నీరు ఊరుతుంది, బుడబుడమని ఉడుకుతుంది. చాలామంది తొందరపడి అన్నం వేసేసేది ఇక్కడే. నీరున్నంతసేపు మూకుట్లో వేడి వంద డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రగా వేగి కమ్మని వాసన రావాలంటే సుమారు 140 డిగ్రీలు కావాలి. ఈ మార్పును 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరుతోనే దాన్ని మయార్ చర్య అంటారు. థర్మామీటరు అక్కర్లేదు, చెవి చాలు. బుడబుడ ఆగి చిటపట మొదలవుతుంది. కీమా పలుకులు విడివడతాయి, అంచులు ముదురు గోధుమ రంగుకు వస్తాయి, కొవ్వు కరిగి పక్కకు చేరుతుంది. అప్పుడు వేయండి ఉల్లిపాయ, అల్లం, వెల్లుల్లి.

డాలస్‌లో ఉండే మా చెల్లెలు గొడ్డు మాంసం కీమాతో చేస్తుంది. "అన్నయ్యా, ఎంతసేపు వేయించినా నీరే వస్తోంది" అని ఒక రాత్రి వీడియో కాల్ చేసింది. చూస్తే చిన్న పెనంలో అర కిలో ఒకేసారి కుమ్మరించింది. "రెండు విడతలుగా వెయ్యమ్మా" అన్నాను, అంతే. అక్కడి ప్యాకెట్ల మీద 80/20 అని ఉంటుంది, అంటే వందలో ఇరవై పాళ్లు కొవ్వు. దానికి చుక్క నూనె అక్కర్లేదు. ఎక్కువనిపిస్తే కరిగిన కొవ్వులో కొంత వంచేయాలి కూడా. కొవ్వు తీసేసి ఆడించిన మేక కీమాకు మాత్రం రెండు చెంచాల నూనె కావాలి. వేయించే తీరు దేనికైనా ఒకటే.

అపోహ: హోటల్ మంట లేనిదే ఫ్రైడ్ రైస్ రాదు.

నా బండి మీది బర్నర్ ఇంటి స్టవ్ కంటే చాలా పెద్దది, నిజమే. అందుకే నేను నాలుగు ప్లేట్లు ఒకేసారి వేయగలను. మీరు ఇద్దరికి సరిపడా వేయండి. మూకుడు సగానికి మించి నింపకండి.

అపోహ: కీమాను నాలుగు నీళ్లలో కడిగితే శుభ్రం.

కడిగితే క్రిములు పోవు. ఆ నీటి తుంపరలు సింకు మీదా పక్కనున్న గిన్నెల మీదా పడతాయి, కీమా నీళ్లు పీల్చి పైన చెప్పిన కష్టమంతా రెట్టింపవుతుంది. ముక్కల మాంసంలో క్రిములు ఎక్కువగా పైభాగాన ఉంటాయి. ఆడించినప్పుడు అవి లోపలికంతా కలిసిపోతాయి, వాటిని చంపేది వేడి ఒక్కటే. మేక, గొడ్డు మాంసం కీమాకు 71 డిగ్రీలు, కోడి కీమాకు 74 డిగ్రీల వేడి లోపలిదాకా తగలాలి. చిటపట దాకా వేయించిన కీమా ఆ హద్దును ఎప్పుడో దాటేసి ఉంటుంది. కొట్లో ఎదురుగా ఆడించుకుని, ఆ రోజో మరునాడో వండేయండి.

అపోహ: బాస్మతి తప్పనిసరి.

అక్కర్లేదు. 1986లో విడుదలైన సాంబ మసూరి, మనం బీపీటీ అనే బియ్యం, పక్కనున్న బాపట్లలో పుట్టిందే. నా బండి మీద వాడేది అదే. చూసుకోవలసింది పాత బియ్యమా కాదా అన్నది. కొత్త బియ్యం అంటుకుంటుంది. పాత బియ్యాన్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి, పలుకు మీద ఉండగానే గంజి వార్చేయండి.

అపోహ: నిన్నటి అన్నమైతేనే బాగుంటుంది. రాత్రంతా గిన్నెలో ఉన్నా, బాగా వేడి చేస్తే ఏమీ కాదు.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇదే. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మొలకెత్తి పెరుగుతాయి. అవి వదిలే వాంతుల విషం మూకుడు వేడికి కూడా విరగదు. మే నెలలో అర్ధరాత్రి కూడా మన వంటిళ్లు ముప్పై డిగ్రీలు దాటి ఉంటాయి, వాటికి అంతకంటే ఏం కావాలి? "మన పెద్దలు చద్దన్నం తినలేదా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. తిన్నారు బాబాయిగారూ. కానీ అది నీళ్లలోనో మజ్జిగలోనో నాని పులిసిన అన్నం, ఆ పులుపు చాలా క్రిములను అణుస్తుంది. గిన్నెలో పొడిగా మిగిలిన అన్నానికి ఆ కాపలా లేదు.

నిన్నటి అన్నం బాగా విడివడే మాట నిజమే. చల్లారేకొద్దీ పిండి పదార్థం గట్టిపడుతుంది, పైతడి ఆరుతుంది. దానికోసం రాత్రంతా ఆగనక్కర్లేదు. వార్చిన అన్నాన్ని వెడల్పాటి పళ్లెంలో పలచగా పరిచి, ఫ్యాను కింద అరగంట పెట్టండి. అరచేతిని పైన ఆనిస్తే తడి అంటకూడదు. పొద్దున్నే వండుకునేవారు ఇలాగే ఆర్చి, గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, సాయంత్రం చేతులతో విడదీసి వాడుకోవచ్చు.

అపోహ: అజినోమోటో విషం, సోయా సాస్ క్షేమం.

టొమాటోలో సహజంగా ఉండి రుచినిచ్చే గ్లుటమేటే అజినోమోటోలోనూ ఉంది. 1908లో జపాన్ రసాయన శాస్త్రవేత్త ఇకెడా దాన్ని సముద్రపు నాచు నుంచి వేరుచేశారు. 1968లో ఒక అమెరికన్ వైద్య పత్రికకు వచ్చిన ఉత్తరంతో భయం మొదలైంది. తర్వాతి పరీక్షల్లో మామూలు మోతాదుకు హాని తేలలేదు. అయినా నేను వాడను, ఎర్రగా వేగిన కీమాకు ఆ సాయం అక్కర్లేదు. బీపీ ఉన్నవారు చూసుకోవలసింది సోయా సాస్. ఒక పెద్ద చెంచాలోనే సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ఇద్దరికి ఒక్క చెంచా, మూకుడు అంచు వెంట పోయండి. ఉప్పు రుచి చూశాకే.

అపోహ: గుంటూరు కారం ముందే నూనెలో వేస్తే ఘాటు దిగుతుంది.

మాడుతుంది. చేదెక్కుతుంది, ఇల్లంతా మిరప ఘాటు కమ్మి పిల్లలు దగ్గుతారు. కీమాలో అన్నం కలిశాక పైన చల్లి, అడుగు నుంచి రెండుసార్లు తిరగేసి, ఉల్లికాడలు వేసి దించండి.