ఉప్పు, పొటాషియం, మూత్రపిండాలు: ఒక పొట్లం వెనుక ఉన్న చరిత్ర

సోడియం తగ్గించిన ఉప్పు ఇప్పుడు మన దుకాణాల్లోనూ దొరుకుతోంది. మామూలు ఉప్పులో, అంటే సోడియం క్లోరైడ్‌లో కొంత భాగం తీసేసి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలిపితే తయారయ్యే ఉప్పు ఇది. వంటింటి ఉప్పుకు బదులు దీన్ని వాడవచ్చని 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఆ సూచన గర్భిణులకు, పిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వర్తించదని కూడా అందులోనే చెప్పింది. మొదటి మాట ప్రచారమైనంతగా రెండో మాట ప్రచారం కావడం లేదన్నదే నా ఆందోళన.

రక్తపోటుకూ మూత్రపిండాలకూ ఉన్న బంధాన్ని రక్తపోటు కొలిచే పరికరం రాకముందే పసిగట్టినవాడు లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్. 1820, 30లలో గైస్ ఆసుపత్రిలో ఒళ్లు వాచిన రోగులను చూశాడు. వారి మూత్రాన్ని వేడిచేస్తే గడ్డకట్టేది. చనిపోయాక పరీక్షిస్తే మూత్రపిండాలు దెబ్బతిని, చాలామందిలో గుండె కండరం దళసరిగా మారి కనిపించేవి; రక్తపోటు ఎక్కువగా ఉండేదనడానికి అదో గుర్తు. ఈ కథలోకి ఉప్పు వచ్చింది 1904లో. పారిస్‌లో అంబార్, బోజార్ అనే వైద్యులు కొద్దిమంది రోగులు తిన్న ఉప్పునూ మూత్రంలో విసర్జించిన ఉప్పునూ కొలిచి చూశారు. ఉప్పు ఒంట్లో నిలిచిపోయినప్పుడు రక్తపోటు పెరుగుతోందని గమనించారు.

ఆ గమనికను చికిత్సగా మార్చి లోకాన్ని ఒప్పించినవాడు వాల్టర్ కెంప్నర్. నాజీల కాలంలో జర్మనీ వదిలి అమెరికా చేరిన ఈ వైద్యుడు 1939లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో ఒక కఠినమైన పథ్యం మొదలుపెట్టాడు. అన్నం, పండ్లు, పండ్ల రసాలు, పంచదార మాత్రమే. మాంసకృత్తులు రోజుకు 20 గ్రాములు. ఉప్పు అసలే లేదు. దెబ్బతిన్న మూత్రపిండాల మీద భారం తగ్గించాలన్నది ఆయన ఆలోచన. రెండు వారాల తర్వాత రమ్మన్న ఒక రోగి, ఆయన జర్మన్ యాస అర్థంకాక రెండు నెలలు అదే పథ్యం పాటించి తిరిగివచ్చింది. రక్తపోటు ఎంతో తగ్గింది. అంత కాలం పాటించడం సాధ్యమేనని ఆయనకు నమ్మకం కుదిరింది అప్పుడే. రోగుల కంటి వెనుక పొర (రెటీనా) ఫొటోలు తీసి, రక్తపోటు వల్ల అక్కడ ఏర్పడిన రక్తపు మరకలు మాయమైన తీరును తోటి వైద్యులకు చూపించాడు. రోజూ అన్నమే తినే మనకు ఇదేం పథ్యం అనిపించవచ్చు. మన కంచంలో అన్నం పక్కన ఆవకాయ ఉంటుంది, పప్పులోనూ చారులోనూ ఉప్పు ఉంటుంది. అక్కడ చిటికెడు కూడా లేదు. ఆ పండ్ల నుంచి పొటాషియం దండిగా అందేది కానీ, చర్చంతా సోడియం చుట్టూనే సాగింది.

అప్పట్లో రక్తపోటుకు మంచి మందులు లేవు. అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు కూడా డిజిటాలిస్ అనే గుండె మందు, ఉప్పు తగ్గించిన భోజనం తప్ప వైద్యులు ఇవ్వగలిగింది పెద్దగా లేదు. 1945 ఏప్రిల్ 12న ఆయన మెదడులో రక్తస్రావమై మరణించారు. ఉప్పులేని తిండి సహించనివారి కోసం ఆ దశకంలోనే అమెరికాలో లిథియం క్లోరైడ్‌ను ఉప్పుకు బదులుగా అమ్మారు. అది విషమై కొందరు చనిపోగా 1949లో ఆపేశారు. ప్రత్యామ్నాయ ఉప్పు గురించి మాట్లాడే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన ఘటన ఇది.

ఒకే మోతాదు ఉప్పు తిన్నా కొందరికే రక్తపోటు ఎందుకు పెరుగుతుంది? అమెరికాలోని బ్రూక్‌హేవన్ ప్రయోగశాలలో లూయీ డాల్ ఉప్పుకు లొంగే ఎలుకలను, తట్టుకునే ఎలుకలను వేర్వేరు జాతులుగా పెంచాడు. 1970లలో ఆయన బృందం వాటి మధ్య మూత్రపిండాలు మార్చి చూసింది. తట్టుకునే ఎలుక కిడ్నీ అందుకున్న ఎలుకలో రక్తపోటు తగ్గింది. లొంగే ఎలుక కిడ్నీని తట్టుకునే ఎలుకకు పెడితే పెరిగింది. అంటే తేడా మూత్రపిండాల్లోనే ఉంది. నా దృష్టిలో ఈ చరిత్ర అంతటికీ కీలకం ఈ ప్రయోగమే.

పొటాషియం రక్తపోటును తగ్గిస్తుందని 1928లోనే కెనడాలో అడిసన్ అనే వైద్యుడు రాశాడు. అది ఎలా జరుగుతుందో తేలడానికి దశాబ్దాలు పట్టింది. తిండిలో పొటాషియం తక్కువైతే మూత్రపిండాల్లోని సన్నని నాళికలు సోడియంను వదలకుండా రక్తంలోకి తిరిగి లాగుతాయి. పొటాషియం చాలినంత అందితే సోడియం మూత్రంలో పోతుంది. చైనాలో 600 పల్లెల్లో దాదాపు 21 వేల మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 25 శాతం పొటాషియం క్లోరైడ్ ఉన్న ఉప్పు వాడినవారిలో పక్షవాతం 14 శాతం, మరణాలు 12 శాతం తక్కువ. మన సిద్దిపేట జిల్లా పల్లెల్లో రక్తపోటు ఉన్న 502 మందిపై మూడు నెలల పరీక్ష జరిగింది. అలాంటి ఉప్పు వాడినవారిలో రక్తపోటు పై అంకె 4.6 పాయింట్లు అదనంగా తగ్గింది.

ఇది నిజమైన మేలు. అయితే చైనా పరీక్షలో తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని చేర్చుకోలేదు. ఒంట్లోకి వచ్చే పొటాషియంలో సుమారు 90 శాతాన్ని బయటికి పంపేది మూత్రపిండాలే. అవి నీరసించాక అది రక్తంలో పేరుకుంటుంది. లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్‌ల మధ్య ఉండవలసినది 6 దాటితే గుండె లయ తప్పవచ్చు, ఆగిపోవచ్చు కూడా. డయాలసిస్ రోగులకు కొబ్బరినీళ్లు వద్దనడం, కూరగాయ ముక్కలను ఉడికించి నీళ్లు వంచేయమనడం ఇందుకే. టెల్మిసార్టాన్, స్పైరోనోలాక్టోన్ వంటి బీపీ మందులు వాడేవారిలోనూ పొటాషియం పెరిగే అవకాశం ఉంది.

కిడ్నీ జబ్బు చాలాకాలం ఏ బాధా లేకుండా ముదురుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మధుమేహం, రక్తపోటు లేనివారిలోనూ అది విస్తారంగా ఉంది. కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడి ఇంటికి ‘బీపీకి మంచిది’ అన్న ఒక్క మాటతో పొటాషియం ఉప్పు చేరితే ఏమవుతుందోనన్నది నా భయం. పొట్లం మార్చేముందు క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేయించి వైద్యుణ్ని అడగాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ మాత్రలు ఇచ్చేచోటే ఈ పరీక్షలూ జరగాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి మిగిలింది ఉప్పునే తగ్గించుకోవడం. పరిమితి రోజుకు 5 గ్రాములైతే, ఆంధ్రప్రదేశ్‌లో మూత్ర పరీక్షల ద్వారా లెక్కగట్టిన సగటు 9.5 గ్రాముల దాకా ఉంది. ఊరగాయ, అప్పడం, ఎండుచేప, మజ్జిగ మిరపకాయ, అన్నంలో విడిగా కలుపుకొనే ఉప్పు: వీటితో మొదలుపెట్టవచ్చు.